బొమ్మలేసే అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరంలో కథ గురించి కంటే సంజాయిషీయే ఎక్కువుంది. "నేను పెయింటర్‌ని కదండీ, పిల్లల పుస్తకం వేస్తే ఇక నన్ను ఎవరూ సీరియస్‌గా తీసుకోరేమో" అని మూడు చోట్ల రాశావు. ఈ టెన్షన్ నీ ఒక్కదానిదే కాదులే. హెల్సింకీలో తూవె యాన్సన్ అని ఒకావిడ ఉండేది, 1914లో పుట్టింది. నాన్న శిల్పి, అమ్మ స్టాంపులకి బొమ్మలు వేసేది. లోకమంతా ఆవిడని మూమిన్‌లనే వింత జీవుల పిల్లల కథల రచయిత్రి అంటుంటే, తను మాత్రం ముందు పెయింటర్‌నే అనుకునేది.

మెత్తటి మనిషేం కాదు. 1938లో గార్మ్ అనే వ్యంగ్య పత్రికకి వేసిన కార్టూన్‌లో హిట్లర్ ఇంకా కేకు కావాలని గుక్కపట్టి ఏడ్చే పిల్లాడు, చుట్టూ దేశాల పెద్దలు బుజ్జగిస్తుంటారు! అలాంటి మనిషికి కూడా 1939లో యుద్ధం వచ్చేసరికి రంగులు ముట్టబుద్ధి కాలేదు. అప్పుడు "అనగనగా" అని కథ మొదలుపెట్టింది. అందులోని బొద్దు ముక్కు మూమిన్‌కి మూలం ఎక్కడనుకున్నావ్? చిన్నప్పుడు తమ్ముడితో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త మాటల మీద వాదించి ఓడిపోయి, ఆ ఉక్రోషంలో మరుగుదొడ్డి గోడ మీద గీసిన వికారపు బొమ్మ. ఆ కథ 1945లో పుస్తకమై వచ్చింది. పెయింటింగ్ చేతకాక పిల్లల కథల్లోకి దిగలేదు, ఆ రోజుల్లో ఊపిరాడటానికి అదొక్కటే దొరికింది.

ఇప్పుడు నీ కథ సంగతి. నాలుగో పేజీలో ఎర్ర గౌను పాప వానలో బస్సు కోసం నిలబడి ఉంది, బొమ్మ చాలా బాగుంది. దాని కింద మళ్లీ "ఎర్ర గౌను వేసుకున్న పాప వానలో బస్సు కోసం ఎదురుచూస్తోంది" అని ఎందుకమ్మా? (నేనూ నా మొదటి పుస్తకం నిండా ఇదే పని చేశాను, ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తుంది.) 1952లో యాన్సన్ వేసిన బొమ్మల పుస్తకంలో పేజీలకి కన్నాలుంటాయి. మూమిన్ పాల క్యాన్ పట్టుకుని ఇంటికి పోతుంటాడు, కన్నంలోంచి తర్వాతి పేజీ కొంచెం కనబడి ఊరిస్తుంది, పేజీ తిప్పడం కూడా కథలో భాగమే. 1970 నాటి చివరి మూమిన్ నవలలోనైతే ఆ కుటుంబమే ఇంట్లో ఉండదు, వచ్చినవాళ్లంతా వాళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. ఏం తీసేయాలో తెలిసిన చెయ్యి అది.

నీ పెయింటింగ్‌ని తినేసేది పిల్లల పుస్తకం కాదు, చూడకుండా పెట్టిన సంతకం. లండన్ ఈవెనింగ్ న్యూస్ పత్రికకి మూమిన్ కామిక్ స్ట్రిప్ ఒప్పుకుంది, 1954లో అది మొదలైంది. డబ్బు వచ్చింది, పేరొచ్చింది, రోజూ ఒక స్ట్రిప్ ఇవ్వాల్సి రావడంతో ఈజిల్ ముందు నిలబడే టైమ్ పోయింది. చివరికి మూమిన్లంటేనే విసుగు పుట్టి, 1959తో మానేసి తమ్ముడు లార్స్‌కి అప్పగించింది. ఆయన 1975 దాకా నడిపాడు, ఆవిడ మళ్లీ కాన్వాస్ దగ్గరికి వెళ్లింది. నాకు తమ్ముడు లేడు. ఒక పబ్లిషర్ కాగితం మీద చదవకుండా సంతకం చేశాను, నా ఒరిజినల్ బొమ్మలు ఇరవై రెండు ఇప్పటికీ తిరిగి రాలేదు. నువ్వు మాత్రం ఒరిజినల్స్ ఎవరివి, గడువెంత, రెండో ముద్రణకి ఎంతిస్తారు, ఇవన్నీ అడిగాకే పెన్ను తియ్యి.

కంప్యూటర్ జోలికి పోకుండా ఎ4 కాగితాలు మడిచి, స్టేపుల్ కొట్టి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చెయ్యి. పక్కింటి పిల్లాడి చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చో. ఎక్కడ రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడో గుర్తు పెట్టుకుని, ఆ డమ్మీనే నాకు పోస్ట్ చెయ్యి.