విమానం వచ్చే వేళకే తెరుచుకునే ఎయిర్‌పోర్టు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న ఎయిర్‌పోర్టుల గురించే. నేను ఉద్యోగం చేసింది అలాంటి చోటే. కౌంటర్లో బ్యాగులు తూచేదాన్ని, కాసేపటికి గేటు దగ్గర బోర్డింగ్ పాసులు చూసేదాన్ని, ఆ తర్వాత ఎండలో నిలబడి జనాన్ని మెట్లెక్కించేదాన్ని. అన్నింటికీ మేం ఆ నలుగురమే. ఈ సంగతి గుర్తు పెట్టుకుని చదివితే కింది జవాబుల్లో సగం మీకే తట్టేస్తాయి.

ప్రశ్న: పెద్ద ఎయిర్‌పోర్టు అలవాటుతో మూడున్నర గంటల ముందే వెళ్లాం. గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల కౌంటర్లు మూసి ఉన్నాయి, క్యాంటీన్‌కు షట్టర్ వేసి ఉంది. డబ్బు తీసుకుని ఇలాగేనా చూసేది?

మీ కోపం న్యాయమే గానీ, అక్కడ జరిగేది వేరు. పెద్ద ఎయిర్‌పోర్టు రోజంతా మేలుకునే ఉంటుంది. చిన్నది విమానం వేళకు లేస్తుంది, విమానం ఎగిరాక మళ్లీ పడుకుంటుంది. సెక్యూరిటీ షిఫ్టు, క్యాంటీన్ కుర్రాడు, బయట ట్యాక్సీలు అన్నీ ఆ టైంటేబుల్ ప్రకారమే వస్తాయి. కాబట్టి టిక్కెట్టు మీద టైము చూసుకుంటే చాలదు, ఆ రోజు మీ విమానానికి ముందు ఇంకేదైనా విమానం ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే టెర్మినల్ తెరిచే ఉంటుంది. మీదే మొదటి విమానమైతే రెండు గంటల ముందు చేరితే సరిపోతుంది. మరీ ముందు వెళ్తే బయట అరుగు మీద కూర్చోవడమే.

అలాగని చివరి నిమిషంలో పరిగెత్తితే దొరికే విమానమూ కాదది. దేశీయ ప్రయాణాలకు కొన్ని సంస్థలు 45 నిమిషాల ముందు, కొన్ని 60 నిమిషాల ముందు చెక్-ఇన్ మూసేస్తాయి. జనం తక్కువ కదా, ఒక్క ఐదు నిమిషాలు సర్దుకోరా అని అడిగేవాళ్లు నాకు రోజూ తగిలేవారు. సర్దుకోవడానికి అక్కడ రెండో మనిషి ఉండదు. కౌంటర్లో ఉన్న అమ్మాయే దాన్ని మూసి గేటు దగ్గరికి వెళ్లాలి. ఆమె వెళ్తేనే బోర్డింగ్ మొదలవుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. టిక్కెట్టు తీసేటప్పుడు వీల్‌చెయిర్ కావాలని పెట్టాం. కుర్చీ ఇచ్చారు, విమానం దాకా తీసుకెళ్లారు, తీరా అక్కడ మెట్లెక్కమన్నారు. ఆవిడ ఏడుపు ఒక్కటే తక్కువ. తిరుగు ప్రయాణంలో ఏం చేయాలి?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి ఉత్తరాలు ఇంకా ఉన్నాయి, అందరికీ కలిపి ఇదే జవాబు.

మీరు వీల్‌చెయిర్ అని ఊరుకున్నారు. విమాన సంస్థల లెక్కలో అది ఒకటి కాదు, మూడు రకాలు. ఎక్కువ దూరం నడవలేరు గానీ మెట్లెక్కగలరు అనేవారికి ఒక కోడ్, డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు ఎక్కలేరు, విమానం లోపల నాలుగు అడుగులు వేసి సీటు దాకా వెళ్లగలరు అంటే డబ్ల్యూసీహెచ్ఎస్. అసలు నడవలేరు, సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి అంటే డబ్ల్యూసీహెచ్‌సీ. ఏ వివరమూ ఇవ్వకపోతే చాలాసార్లు మొదటిదే పడుతుంది. మెట్లెక్కగలరనే కోడ్‌తో వచ్చిన మనిషిని మెట్ల దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్ల కాగితం ప్రకారం అంతా సవ్యంగా చేసినట్టే.

పెద్ద ఎయిర్‌పోర్టులో ఈ తేడా పైకి తేలదు. టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా కప్పిన వంతెనలాంటి దారి, అంటే ఏరోబ్రిడ్జి ఉంటే మూడు రకాలవాళ్లూ కుర్చీలోనే తలుపు దాకా వెళ్లిపోతారు. చిన్నచోట చాలా వరకు నడిచి వెళ్లి మెట్లెక్కడమే. అందుకని సంస్థకు ఫోన్ చేసి, మెట్లు ఎక్కలేరు అని ఆ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి. కనీసం 48 గంటల ముందు చెప్పండి. బుకింగ్‌లో ఏ కోడ్ పెట్టారో మళ్లీ చదివించుకోండి. ఎక్కే చోటికే కాదు, దిగే చోటికీ సందేశం వెళ్లిందా అని అడగండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

తర్వాత అడగాల్సింది ఏ విమానం అని. ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానం ఏటీఆర్ అయితే వెనక తలుపే కిందికి తెరుచుకుని మెట్లుగా మారుతుంది, ఆ మెట్లు కొద్దే. ముందు భాగంలో సామాను గది ఉంటుంది కాబట్టి అందరూ వెనక నుంచే ఎక్కాలి. కాస్త పట్టుకుంటే నాలుగు మెట్లెక్కగలిగే పెద్దవాళ్లకు ఇది నయం. అదే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి పెద్ద విమానమైతే నిచ్చెన బండి తెచ్చి ఆనిస్తారు, అది ఒక అంతస్తు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రెంటికీ చాలా తేడా.

మెట్లు ఎక్కలేనివారిని పైకి చేర్చే దారులు మూడు. కుర్చీతో సహా పైకి లేపే వాహనం ఒకటి, దాన్ని యాంబులిఫ్ట్ అంటారు. మెలికలు తిరిగే వాలుబల్ల ఒకటి. రెండూ లేకపోతే సన్నటి కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, ఇద్దరో ముగ్గురో మోయడం. ఈ మోత చూడ్డానికి భయంగా ఉంటుంది కాబట్టి అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. మోసేటప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. సగం మెట్ల మీద ఉండగా గాభరాపడి రెయిలింగ్ పట్టేసుకునేవారు చాలామంది. కుర్చీ పైకి పోతుంటే చెయ్యి కిందే ఉండిపోతుంది, మోసేవాళ్లు ఊగిపోతారు. పవిట కొంగు, చున్నీ వేలాడకుండా దోపేయండి. చేతిసంచి మీరు పట్టుకోండి.

ఇలాంటివారిని సాధారణంగా అందరికన్నా ముందు ఎక్కించి, అందరూ దిగాక దింపుతారు. దిగాక ఇంకో విమానం పట్టుకోవాలంటే ఆ సమయం లెక్కలో వేసుకోండి. ఎమర్జెన్సీ తలుపు వరుసలో సీటు ఇవ్వరు, అడగొద్దు. సొంత వీల్‌చెయిర్ ఉంటే చెక్-ఇన్‌లో పంపించేయకుండా, మెట్ల దగ్గర తీసుకుని దిగినచోట మెట్ల దగ్గరే ఇవ్వమని ట్యాగ్ వేయించండి. బ్యాటరీ కుర్చీ అయితే దాని కొలతలు, బరువు, బ్యాటరీ రకం ముందే పంపాలి. చిన్న విమానం సామాను తలుపులో కొన్ని కుర్చీలు నిలువుగా పట్టవు. ఆ సంగతి ఎక్కే రోజున తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: విమానం మెట్ల దగ్గర నా చిన్న ట్రాలీ బ్యాగు లాగేసుకున్నారు. బరువు ఏడు కిలోలే. నిబంధన ప్రకారమే ఉంది. ఎందుకిలా?

బరువు సరే, సైజు పట్టదు. ఏటీఆర్‌లో నెత్తి మీద అరలు పెద్ద విమానాల్లో కన్నా చిన్నవి. దిగినచోట మెట్ల దగ్గరే ఇచ్చేస్తారా, బెల్టు మీదికి వస్తుందా అన్నది ట్యాగ్ వేసేటప్పుడే అడగండి.

నా బెంగ మాత్రం బ్యాగు గురించి కాదు, అందులో ఉన్నవాటి గురించి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు సామాను గదిలోకి వెళ్లకూడదు. అక్కడ నిప్పంటుకుంటే ఆర్పే చెయ్యి ఉండదు. బ్యాగు ఇచ్చే ముందు వాటిని తీసి జేబులో వేసుకోండి. మందులు, కాగితాలు, నగలు కూడా. వీటన్నింటినీ ఒక గుడ్డసంచిలో పెట్టి, ఆ సంచిని ట్రాలీలో పైనే ఉంచుకుంటే, అడిగిన క్షణంలో లాగేయొచ్చు. మెట్ల దగ్గర అందరి ముందూ జిప్పులు విప్పి వెతుక్కోవడం ఎంత చిరాకో చూసినదాన్ని.

పవర్ బ్యాంకు ఎంత పెద్దది తీసుకెళ్లొచ్చని ఇంకొకరు అడిగారు. 100 వాట్-అవర్ల దాకా అనుమతి ఉంటుంది. పవర్ బ్యాంకు మీద రాసి ఉండే ఎంఏహెచ్ అంకెను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అయితే 74 వస్తుంది, ఇబ్బంది లేదు. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును తీసేసుకునే అవకాశం ఉంది. దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

ప్రశ్న: పొగమంచని మా విమానాన్ని దింపకుండా వెనక్కి తిప్పేశారు. అదే ఉదయం పెద్ద నగరంలో మంచులోనే విమానాలు దిగాయి. పైలట్‌కి ధైర్యం చాలలేదా?

ధైర్యంతో దిగితే ఈ ఉత్తరం మీరు రాసి ఉండేవారు కాదేమో! దారి చూపించే పరికరం మీద ఆధారపడిన లెక్క ఇది. రన్‌వే నుంచి రేడియో సంకేతాలు పంపి విమానాన్ని దారిలో పెట్టే వ్యవస్థను ఐఎల్ఎస్ అంటారు. అందులో మొదటి కేటగిరీలో 200 అడుగుల ఎత్తుకు దిగేసరికి పైలట్‌కి రన్‌వే లైట్లో గుర్తులో కనబడాలి, రన్‌వే మీద సుమారు 550 మీటర్ల దూరం కనిపించాలి. మూడో కేటగిరీ పరికరాలు, దానికి తగ్గ లైట్లు, విమానం, శిక్షణ పొందిన పైలట్లు అన్నీ కుదిరితే అంతకన్నా దట్టమైన మంచులోనూ దిగొచ్చు. అవన్నీ చాలా ఖర్చు, అందుకే పెద్ద చోట్లే ఎక్కువ. అసలు ఐఎల్ఎస్ లేని రన్‌వేలూ ఉన్నాయి, అక్కడ ఇంకా ఎక్కువ దూరం కనబడాలి.

మంచు కాలంలో చిన్నచోటికి పొద్దున్నే మొదటి విమానం తీసుకోకండి. ఎండ వచ్చాక దిగేది చూసుకోండి. మరీ చివరిదీ వద్దు. కొన్ని చోట్ల రాత్రి ఒక వేళ దాటితే కంట్రోల్ టవర్ మూసేస్తారు. ఆలస్యమైన చివరి విమానానికి ఆ గడియారం ఒకటి అడ్డం. పైగా అదే విమానం వచ్చి, తిరిగి అదే వెళ్తుంది. ఇంకోటి పక్కన ఖాళీగా ఉండదు. మీ విమానం సమయానికేనా అని తెలుసుకోవాలంటే మీ నంబరు కాదు, ఇక్కడికి రావాల్సిన విమానం అవతల బయలుదేరిందా అని చూడండి. అది ఎగరలేదంటే బోర్డు మీద ఆన్‌టైమ్ అని ఉన్నా నమ్మొద్దు.

ప్రశ్న: బెల్టు మీద నా సూట్‌కేసు చక్రం విరిగి వచ్చింది. చెబుదామంటే అక్కడ ఒక్కరూ లేరు. ఇంటికొచ్చేశాను. ఇప్పుడేం చేయను?

బెల్టు దగ్గర ఉండాల్సిన మనిషి అప్పటికి చెక్-ఇన్ కౌంటర్లో తిరుగు విమానానికి బ్యాగులు తూస్తూ ఉంటారు. ఈసారి ఇలా జరిగితే హాలు దాటి బయటికి రాకముందే అక్కడి సెక్యూరిటీ వారికి చెప్పి మనిషిని పిలిపించండి. పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకుని నంబరు తీసుకోండి.

ఇప్పటికైతే ఆలస్యం చేయకుండా ఫొటోలు, బ్యాగు ట్యాగ్, బోర్డింగ్ పాస్ జతచేసి సంస్థకు రాతపూర్వకంగా పంపండి. అంతర్జాతీయ ప్రయాణమైతే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు దెబ్బతింటే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా అందితే, చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజులు. దేశీయమైతే ఆ సంస్థ నిబంధనల్లో గడువు చూడండి. చక్రాలకు, పిడులకు మా బాధ్యత లేదని మొదట అంటారు. అన్నాక కూడా ఇంకోసారి రాయండి.

ప్రశ్న: రాత్రి దిగితే ట్యాక్సీ దొరుకుతుందా?

విమానం దిగిన అరగంటలో దొరుకుతుంది, తర్వాత దొరకదు. బ్యాగు కోసం ఆగేలోపే ఉన్న నాలుగు కార్లూ వెళ్లిపోతాయి. ఇద్దరుంటే ఒకరు బెల్టు దగ్గర నిలబడండి, ఇంకొకరు బయటికెళ్లి కారు మాట్లాడండి. బయటికెళ్లినవారిని మళ్లీ లోపలికి రానివ్వరు, కాబట్టి బ్యాగు ట్యాగులు లోపల ఉన్నవారి దగ్గరే ఉండాలి. ఒంటరివారైతే ఎక్కే ముందే మాట్లాడుకుని డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకోండి. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

ప్రశ్న: విమానం ఎక్కుతుంటే కుడివైపు ఇంజిన్ హోరున మోగుతోంది, ప్రొపెల్లర్ మాత్రం కదలడం లేదు. చెడిపోయిందేమోనని గంటసేపు ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నా.

అయ్యో, ఎవరినైనా అడగాల్సింది! ఏటీఆర్‌లో నేల మీద ఉన్నప్పుడు కరెంటు, చల్లగాలి ఇవ్వడానికి విడిగా చిన్న ఇంజిన్ ఉండదు. అందుకని కుడి ఇంజిన్‌నే నడుపుతూ, దాని ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఆపుతారు. హోటల్ మోడ్ అంటారు దాన్ని. బాగున్న విమానమే అలా మోగుతుంది.

ప్రశ్న: సగం సీట్లు ఖాళీ. అయినా ముందు కూర్చున్న మమ్మల్ని లేపి వెనక్కి పంపారు.

బరువు సమతూకం కోసం. చిన్న విమానంలో పదిమంది ఎక్కడ కూర్చున్నారన్నది కూడా లెక్కే. ఎగిరాక మారొచ్చా అని అడగండి, కొన్నిసార్లు ఒప్పుకుంటారు.

ప్రశ్న: మెట్ల దగ్గర నిలబడి ఫొటో తీసుకోబోతే కేకలేశారు.

నేనూ వేసేదాన్ని. చాలా ఎయిర్‌పోర్టుల్లో అక్కడ ఫొటోలకు అనుమతి ఉండదు. అదీగాక ఫ్రేము కోసం వెనక్కి అడుగులేస్తూ పోతే నేల మీద గీసిన దారి దాటి ప్రొపెల్లర్ వైపు వెళ్లిపోతారు. తిరిగే రెక్కలు కంటికి సరిగ్గా ఆనవు. కిటికీ పక్క సీటు తీసుకుని, లోపల కూర్చున్నాక, సిబ్బంది వద్దనకపోతే తీసుకోండి. మొత్తం రెక్క ఫొటోలో పడాలంటే ఏటీఆర్‌లో బాగా వెనక వరుస అడగండి.