విశాఖపట్నంలో నొక్కిన మట్టి ఇటుకలతో ఇల్లు కడితే ఖర్చు తగ్గుతుందా? వానలకు నిలుస్తుందా?

నిలుస్తుంది. ఇవి మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, ప్రెస్సు యంత్రంలో గట్టిగా నొక్కి, బట్టీలో కాల్చకుండా చేసే ఇటుకలు. ఖర్చూ తగ్గుతుంది, అయితే మట్టి మీ స్థలంలోదే కావాలి. లారీల్లో మట్టి తెప్పించుకునేటట్లయితే ఈ ఆలోచన మానుకోండి. అడిగేవాళ్లంతా ఇటుక ధర ఎంత అంటారే తప్ప మట్టి ఎక్కడిది అని ఒక్కరూ అడగరు.

మాది ఆనందపురం వైపు. పునాదులు తవ్వేటప్పుడు వేళ్లు, ఆకులు కలిసిన పైపొర తీయించి మొక్కలకు వాడుకున్నాం. దాని కింద ఎర్రమట్టి. మన చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖోండలైటు రాయివి. ఆ రాయి శిథిలమైతే వచ్చేది ఈ ఎర్రనేలే. గాజు సీసాలో కాస్త మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి కదపకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు, చివరికి ఎన్నో గంటలకు బంకమట్టి. ఇసుక సగం, బంక ఐదో వంతు ఉంటే సిమెంటు 5 శాతం చాలు. మా మట్టిలో బంక పాలు కొంచెం ఎక్కువ కాబట్టి ఇసుక కలిపించాం. బంక మరీ ఎక్కువైతే సిమెంటు కన్నా సున్నం మేలు. నల్లరేగడి మాత్రం దీనికి పనికిరాదు.

ఇక వాన సంగతి. ఇంటి అప్పు కోసం బ్యాంకు తరఫున ఒక ఇంజనీరు వచ్చారు. పేర్చిన ఇటుకలను దూరం నుంచే చూసి, "మట్టి గోడలకు అప్పు ఎలా ఇస్తారమ్మా, మొదటి తుపానుకే కరిగిపోతాయి" అన్నారు. మా మేస్త్రి పెద్దాయన. గోదావరి జిల్లాల నుంచి వచ్చే కాలిన ఇటుకతో జీవితమంతా గోడలు కట్టిన మనిషి. ఏమీ మాట్లాడకుండా పెరట్లోంచి రెండు బకెట్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. రెండింటిలోనూ ముందు రోజు సాయంత్రమే ఒక్కో ఇటుక వేసి ఉంచాడు. సిమెంటు కలపకుండా నొక్కినది అడుగున బురదై ఉంది. సిమెంటు కలిపి, 28 రోజులు గోనె సంచుల కింద తడిపినది అంచు కూడా చెదరలేదు. దాన్ని తీసి, రెండు రాళ్ల మీద వంతెనలా పెట్టి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. "మీరూ ఎక్కండి బాబుగారూ" అన్నాడు. ఆయన ఎక్కలేదు కానీ, దీనికి ప్రమాణం ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది: భారత ప్రమాణం ఐఎస్ 1725, మొదట 1960లో వచ్చింది, 1982లో, 2013లో సవరించారు. ఆ సంఖ్య రాసుకుని వెళ్లారు. అప్పు వచ్చింది. ఇన్నేళ్ల నుంచి ప్రమాణం ఉన్న వస్తువును ఇంజనీర్లకే మనం పరిచయం చేయాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో సందర్శకుల కేంద్రం గోడలు, వంపులు ఇలాంటి ఇటుకలతోనే కట్టారు. వెళ్లి చూసి రావచ్చు.

బకెట్లో కరగలేదు కదా అని గోడను వానకు వదిలేయమని కాదు. తడిసిన ఇటుక బలం పొడి ఇటుక బలంలో దాదాపు సగమే. అందుకే పునాదిని నేల నుంచి అడుగున్నర ఎత్తు రాతితో లేపి, కిటికీల పైన చుట్టూ కాంక్రీటు పట్టీ వేసి, చూరు బాగా బయటికి దించాం. ఈ చూరు దగ్గరే నా అసలు కోపం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టింది. అంతటి తుపాను చూసిన ఊరిలో కొత్త ఇళ్లన్నీ చూరు లేని పెట్టెల్లా కడుతున్నారు. గోడలు చెమ్మగిల్లితే ఏటా రంగులు వేయిస్తారు. మా ఇంటికి వచ్చిన బంధువులేమో "గోడలకు సిమెంటు పూత ఎప్పుడు వేయిస్తారు?" అంటారు. వేయించం. ఆదా అయ్యేది ఇటుక ధరలో కన్నా పూతలో, రంగుల్లో, లారీ బాడుగలో.

చుట్టుపక్కల కొండను తవ్విన గ్రావెల్‌తో ఇటుకలు చేసి, బట్టీ పెట్టలేదు కాబట్టి పర్యావరణానికి మంచిదంటూ అమ్మేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కొనకండి. కొండ పోయాక బొగ్గు ఎంత మిగిలితే ఏమిటి? భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలే వెళ్లకండి, అవి జాతీయ భూవారసత్వ స్థలం. మీ స్థలంలో తగిన మట్టి లేకపోతే ఫ్లైయాష్ ఇటుక వాడండి. బూడిద, సున్నం, జిప్సంతో చేసే ఫాల్-జి పద్ధతి మన విశాఖలోనే పుట్టింది, దాన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

మట్టి సరిపోతే ప్రెస్సు అద్దెకు తెచ్చుకుని, ఇటుకలు చేసినన్ని రోజులూ ఇంట్లోవాళ్లు ఒకరు దాని పక్కనే ఉండండి. సిమెంటు కలిపి తడిపిన మట్టిని అరగంట, ముప్పావుగంటలో నొక్కేయాలి. భోజనానికి ముందు కలిపిన కుప్పను తిరిగొచ్చాక వాడబోతే ఆపించండి, కూలీలు విసుక్కున్నా సరే. సీసా పరీక్ష చేసి, ఏ పొర ఎంత మందం వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.