నైట్రేట్ కొనేటప్పుడు కిలో ధర చూడకండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 29. వారానికి ఐదు రోజులు పరుగు సాధన చేస్తాను. వ్యాయామానికి ముందు తాగే రెడీమేడ్ ప్రీ వర్కౌట్ పొడి డబ్బాలు ఖరీదని సొంతంగా కలుపుకుంటున్నాను. రక్తనాళాలను వెడల్పు చేసి పరుగులో అలుపు తగ్గిస్తుందనే నైట్రేట్ కోసం బీట్‌రూట్ పొడి వేయాలా, అర్జినైన్ నైట్రేట్ (అర్జినైన్ అనే అమైనో ఆమ్లంతో కలిపిన నైట్రేట్) వేయాలా? ఎరువుగా అమ్మే పొటాషియం నైట్రేట్ అన్నిటికంటే చవక. అందులో ఉన్నదీ నైట్రేటే కదా? బీపీ మాత్రలు వేసుకునే మా నాన్నగారు కూడా నాతోపాటు తాగుతానంటున్నారు. తాగొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఎరువు సంగతి చెప్పాలి. మీ ఉత్తరంలో ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. దయచేసి ఆ సంచి జోలికి వెళ్లకండి. మందుల తయారీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పొడులు పరీక్షించాను. తెల్లటి పొడులన్నీ కంటికి ఒకేలా ఉంటాయి. ఎరువు మనిషి తినడానికి తయారుచేసింది కాదు. అందులో భార లోహాలు ఎంతున్నాయో, గడ్డకట్టకుండా ఏం కలిపారో మీకు తెలియదు. ఇంకో భయం కూడా ఉంది. నైట్రేట్, నైట్రైట్ పేర్లు దాదాపు ఒకటే. సోడియం నైట్రైట్ కొద్ది గ్రాములు ఒంట్లోకి వెళ్తే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు, ప్రాణం పోతుంది. విడి రసాయనాలు తెచ్చి ఇంట్లో తూచుకునేవాళ్లకు ఆ ఒక్క అక్షరం తేడాతోనే ముప్పు.

ఇక ధర. మీరు కొంటున్నది పొడి కాదు, అందులోని నైట్రేట్. వ్యాయామానికి 2–3 గంటల ముందు సుమారు 310 నుంచి 560 మిల్లీగ్రాముల నైట్రేట్ తీసుకోవాలని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. మనం 400 అనుకుందాం. అర్జినైన్ నైట్రేట్‌లో బరువులో 26 శాతం నైట్రేట్. అంటే గ్రామున్నర పొడి చాలు. బీట్‌రూట్ పొడిలో 1 శాతమే ఉంటే 40 గ్రాములు కావాలి. 5 గ్రాముల స్కూప్‌తో ఎనిమిది స్కూపులు! ఈ లెక్కన అర్జినైన్ నైట్రేట్ కిలో ధర పది రెట్లు ఎక్కువున్నా మీకు అదే చవక. అదే బీట్‌రూట్ పొడిలో 2 శాతం ఉంటే 20 గ్రాములు సరిపోతుంది, తేడా సగానికి తగ్గుతుంది. అందుకే ధరను డబ్బాలోని మొత్తం నైట్రేట్ మిల్లీగ్రాములతో భాగించి చూడండి.

ఆ మిల్లీగ్రాములు లేబుల్ మీద ఉండాలి. నేనూ ఒకసారి అందమైన ఎర్రటి బీట్‌రూట్ పొడి కొన్నాను. నైట్రేట్ ఎంతో ఎక్కడా రాయలేదు. తయారీదారుకి రాస్తే ‘సహజమైనది’ అని జవాబొచ్చింది, అంకె మాత్రం రాలేదు. ఆ పొడి వంటకు వాడేశాను. నేల, ఎరువు, కోత కాలాన్ని బట్టి దుంపలో నైట్రేట్ చాలా మారుతుంది కాబట్టి, అంకె ఇవ్వని పొడికి ఎంత తక్కువ పెట్టినా నా దృష్టిలో దండగే. నైట్రేట్ ఎంతో అచ్చువేసి అమ్మే చిక్కటి బీట్‌రూట్ రసం సీసాలూ ఉన్నాయి. 70 మిల్లీలీటర్లలో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటుంది. ఖరీదే, కానీ పోటీ రోజుకు నేనైతే దాన్నే నమ్ముతాను.

కండబలానికి వాడే క్రియేటిన్‌ను నైట్రేట్‌తో కలిపి కూడా అమ్ముతారు. ఆ క్రియేటిన్ నైట్రేట్‌లో నైట్రేట్ 32 శాతం. రెండూ కలిసొస్తాయని ఆశపడకండి. 400 మిల్లీగ్రాముల నైట్రేట్‌తో మీకు అందే క్రియేటిన్ గ్రాము కూడా ఉండదు, రోజుకు కావలసింది 3–5 గ్రాములు.

అసలు ఖర్చు తగ్గేది రోజూ తాగకపోవడం వల్ల. గట్టి సాధన రోజులకు, పోటీలకు దాచుకోండి. తాగిన రోజు మాత్రం క్రిములను చంపే మౌత్‌వాష్ వాడకండి. నైట్రేట్ పనిచేయాలంటే అది ముందు నైట్రైట్‌గా మారాలి (ఒంట్లో తయారయ్యేది చాలా కొద్ది, పైన చెప్పిన గ్రాముల లెక్క కాదు). అలా మార్చేది నాలుక మీది బ్యాక్టీరియానే. అవి చస్తే ఎంత ఖరీదైన పొడి తాగినా పెద్దగా పనిచేయదు. బీట్‌రూట్ తాగాక మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి. కిడ్నీ రాళ్లున్నవాళ్లు మాత్రం అందులోని, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ వల్ల జాగ్రత్తగా ఉండాలి.

నాన్నగారి విషయంలో ఇప్పుడే సరే అనలేను. నైట్రేట్ రక్తపోటును తగ్గిస్తుంది, మాత్రలూ తగ్గిస్తాయి. రెండూ కలిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడుతుంటే మరీ ప్రమాదం. ఆయన మాత్రల చీటీ తీసుకుని, నైట్రేట్ అంకె ఉన్న డబ్బాతో సహా ఇద్దరూ ఒకసారి డాక్టరు దగ్గరకు వెళ్లి రండి.