‘విత్’ రానే రాదని ఎవరు చెప్పారు?

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘పెళ్లింట్లో ఇంగ్లిష్’ పాఠాలు చదివాను. భాష హాయిగా ఉంది. మూడో పాఠం దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ‘మ్యారీడ్ పక్కన విత్ ఎప్పుడూ రాదు, టు మాత్రమే’ అని ఎర్రక్షరాలతో బాక్సు కట్టి మరీ రాశావు. ‘షి ఈజ్ మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అంటే ఆవిడకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు అని. శుభ్రమైన ఇంగ్లిష్. నిన్ను నమ్ముకున్న కుర్రాడు దాన్ని కొట్టేస్తాడు. ఎవరిని చేసుకుందో చెప్పేటప్పుడే టు.

అసలు మనవాళ్లు అక్కడ విత్ ఎందుకు పెడతారో ఒక్క ముక్కైనా రాశావా? ‘రవితో పెళ్లయింది’ అంటాం కదా, ఆ ‘తో’ని పట్టుకెళ్లి విత్ చేస్తారు. తప్పు పుట్టింది తెలుగులో, నువ్వు వెతికింది ఇంగ్లిష్‌లో. ఎవరేమనుకున్నా నా పట్టు ఇదే: తెలుగువాడికి ఇంగ్లిష్ పాఠం తెలుగు వాక్యంతోనే మొదలవ్వాలి. రెండు గడులు గీసి ఇటు వెడ్డింగ్, అటు మ్యారేజ్ అని అర్థాలు నింపడం డిక్షనరీ పని. ‘పెళ్లికి వెళ్లొచ్చాం’, ‘వాళ్ల పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు’. మనకు రెండుచోట్లా ఒకే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది వెడ్డింగ్, ఆ పూట వేడుక. రెండోది మ్యారేజ్, ఆ తర్వాతి బంధం. చట్టానికి కావలసింది ఆ బంధమే కాబట్టి 1955లో వచ్చింది హిందూ మ్యారేజ్ యాక్ట్, రిజిస్ట్రార్ ఇచ్చేది మ్యారేజ్ సర్టిఫికెట్. మరి మన ఊళ్లో మ్యారేజ్ హాల్ అని బోర్డుంటుందే అంటావా, ఉండనీ. అది చూసి ఎవరూ దారి తప్పలేదు.

అసలు ప్రమాదమైనదాన్ని నువ్వు ముట్టుకోనేలేదు. నేను ట్యుటోరియల్‌లో చెప్పే రోజుల్లో ఒక డిగ్రీ కుర్రాడు ‘నాన్న అక్కకి పెళ్లి చేశారు’ అనబోయి ‘మై ఫాదర్ మ్యారీడ్ మై సిస్టర్’ అని రాశాడు. బోర్డు మీద రాసి చూపిస్తే క్లాసులో ఒక్కడూ నవ్వలేదు, తప్పేమిటో ఎవరికీ అందలేదు. దానర్థం నాన్నే అక్కని పెళ్లి చేసుకున్నాడని! ‘గాట్ మై సిస్టర్ మ్యారీడ్’ అనాలి. ‘మ్యారీడ్ హర్ ఆఫ్’ అంటే బరువు దించుకున్నట్టు వినిపిస్తుంది. అదే పాస్టరో పురోహితుడో ‘మ్యారీడ్ దెమ్’ అంటే మాత్రం వాళ్ల పెళ్లి జరిపించాడని.

ఇదంతా ఒక వారపత్రికకి రాస్తే, ఎడిటర్‌గారు పురోహితుడి పేరా కోసేసి ఆ జాగాలో మాఘమాసం పట్టుచీరల ప్రకటన వేసుకున్నారు. అడిగితే ‘రీడర్‌కి రూల్ చాలండీ, మినహాయింపులెందుకు, కన్ఫ్యూజన్’ అన్నారు. పారితోషికం కోసం పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్లిన నేను ఇంకేం మాట్లాడతాను? ఇప్పుడేమో ‘ఈ మాట అంటే పరువు పోతుంది’ అని బెదిరించే అర నిమిషం వీడియోలొచ్చాయి. నీ ఎర్ర బాక్సుకి ఆ గాలే సోకింది.

‘కో-బ్రదర్’ని తప్పుల పట్టికలోంచి తీసెయ్. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు, అందరినీ బ్రదర్-ఇన్-లా అనే ఒకే గోతాంలో కుక్కితే మనకి కుదరక పుట్టించుకున్న మాట అది. లండన్‌లో తెలియదు, అక్కడ ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అనుకోండి అని రాస్తే సరి. ‘మై వుడ్‌బీ’ సంగతి వేరు. అక్కడివాళ్లకి వుడ్‌బీ అంటే ఏదో అవుదామని ఆశపడుతున్నవాడు, చాలాసార్లు కాలేకపోయినవాడు. నిశ్చితార్థమైన కుర్రాణ్ణి అలా పరిచయం చేస్తే పాపం కాదూ? ఫియాన్సే అనమను. అమ్మాయికైతే స్పెల్లింగ్‌లో చివర ఇంకో ‘ఇ’, పలకడం ఒక్కటే.

ముందుమాట అడిగావు. ఈసారి ఏదైనా పెళ్లికి వెళ్తే భోజనాల బంతిలో పక్కవాళ్ల మాటలు రాసుకో. ‘మీరు పిల్లాడి తరఫా, పిల్ల తరఫా?’, ‘తాళి కట్టేటప్పటికి తెల్లారింది’, ‘చిన్నదానికి ఇంకా చెయ్యాలి’ లాంటివి. వాటికి ఇంగ్లిష్ రాసి పంపు, అప్పుడు చూద్దాం.