స్ట్రాకు దారం కట్టిన పాపను ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాను. ఎంసెట్‌లో మా పాపకు వచ్చిన ర్యాంకుకు సీఎస్ఈ-ఏఐ సీటు వస్తుందంటున్నారు. పోయినేడు వాళ్ళమ్మమ్మకు గుండె దడకు చెన్నైలో కాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి దడ పుట్టించే చోటును కాల్చారు, దాన్ని అబ్లేషన్ అంటారట. అప్పట్నుంచి ఆ కాథెటర్లు తయారుచేస్తాను, బయోమెడికలే చదువుతానని పాప మొండికేసింది. స్ట్రా కొసకు దారం కట్టి, వెనక భాగంలో పెన్ను రీఫిల్ దూర్చి, దారం లాగితే వంగేలా చేసి ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. ఈ పిచ్చి పనులతో కాలం పోతోంది. రెండు కోర్సులూ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, పోలిక తర్వాత. మీ ఉత్తరం చదివి నేనూ ఒక స్ట్రాకు దారం కట్టి లాగాను. కొస వంగలేదు, నడిమికి మడత పడింది. మీ పాప రీఫిల్ ఎందుకు దూర్చిందో అప్పుడు తెలిసింది.

అసలు కాథెటర్‌లోనూ కిటుకు అదే. మీటరు పైచిలుకు పొడవు, రెండు మిల్లీమీటర్లు దాటిన లావు. గజ్జల దగ్గర సిరలోంచి గుండె దాకా పంపుతారు. డాక్టరు పిడి తిప్పితే ఆ తిప్పుడు కొస దాకా అందాలని గొట్టం గోడలో సన్నటి స్టీలు తీగల అల్లిక పెడతారు. కొసకు పోయేకొద్దీ ప్లాస్టిక్ మెత్తనవుతుంది. లోపలి తీగ కొసలో ఒక రింగుకు అతికి ఉంటుంది, పిడి మీది మీట జరిపితే కొస వంగుతుంది. గుండె పైగదుల గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే. కొస గట్టిగా గుచ్చుకుంటే చిల్లు పడుతుంది, సరిగ్గా ఆనకపోతే దడ పుట్టించే చోటు పూర్తిగా కాలక జబ్బు తిరగబెడుతుంది. కొస మీద ఎన్ని గ్రాముల ఒత్తిడి పడుతోందో కొలిచే సెన్సర్లు అందుకే వచ్చాయి. మీరు పిచ్చి పని అన్నది ఈ విద్యకు ఓనమాలు.

ఇక ఏఐ సీటు. నా దగ్గరికొచ్చే పిల్లల పుస్తకాలు చూస్తుంటాను. చాలా కాలేజీల్లో అది పాత సీఎస్ఈకే మూడో ఏట నాలుగు పేపర్లు కలిపిన కోర్సు. ఆ పేపర్లు చెప్పే అయ్యవారు ఉన్నారా అని అడిగిన తండ్రి నాకింతవరకు కనపడలేదు. బోర్డు మీద పేరు చూసి ఫీజు కట్టేస్తారు. అలాగని పాప మాటకూ నేను పూర్తిగా తలూపను. బీటెక్‌లోనే బయోమెడికల్ తీసుకున్నవాళ్ళు కొందరు ఆస్పత్రుల్లో మిషన్ల రిపేర్ల దగ్గరో, అమ్మకాల దగ్గరో ఆగిపోవడం చూశాను. వంగే గొట్టం తయారుచేయాలంటే ముందు మెకానికల్ చదవాలని నా ఉద్దేశం. వర్క్‌షాపు బాగున్న కాలేజీ చూడండి. ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ ఆస్పత్రి, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజనీరింగ్ ఎంటెక్ ఉంది. ఎంటెక్ సీట్లకు రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్ పేపరు విడిగా ఉంది. ఒకవేళ సీఎస్ఈలోనే చేరినా దారి మూసుకుపోదు, గుండె లోపలి 3డి మ్యాపు గీసేది సాఫ్ట్‌వేరే.

దాచను, మన దగ్గర వాడే ఇలాంటి కాథెటర్లు ఎక్కువగా దిగుమతివే. తయారీ, డిజైను ఉద్యోగాలకు హైదరాబాదో, బెంగళూరో, పుణేనో పోవాలి. తొందరగా ఫలితం వచ్చే పనీ కాదు. శ్రీచిత్రవాళ్ళు గుండె కవాటం చేసినప్పుడు మొదటి మూడు నమూనాలూ పనికిరాలేదు. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు.

మీరు రాయని ప్రశ్న ఇంకొకటుంది. నాలుగేళ్ళకు ఉద్యోగం రాకపోతే అన్నదమ్ముల ముందు తలెత్తుకోవడమెలా అని. వైట్‌స్పాట్ తెగులు తగిలి గుంటంతా పోయినా అప్పుచేసి మళ్ళీ రొయ్య పిల్ల వేస్తారే, ఆ తెగువ కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది? ఏమీ చెడిపోదులెండి. స్ట్రా ఎక్కడ విరుగుతుందో తనే పట్టుకుని సరిచేసుకున్న పిల్ల ఏ బ్రాంచిలో పడ్డా లేస్తుంది.

వెబ్ ఆప్షన్లు మాత్రం నెట్ సెంటర్ అబ్బాయి చేతిలో పెట్టకండి. పాపనే కూర్చోబెట్టండి, పాస్‌వర్డ్ కూడా ఆమె దగ్గరే ఉండనివ్వండి.