ఆలిమా చదివిన అమ్మాయి ఎల్ఎల్‌బీ కూడా చదవాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. బట్టల దుకాణం ఉంది. మా అమ్మాయి మదర్సాలో ఆలిమా (అమ్మాయిల ఇస్లామిక్ విద్య కోర్సు) పూర్తి చేసి, ఇప్పుడు బీకాం ఫైనలియర్ చదువుతోంది. ఫోన్‌లో బంగారం కొనడం, ఆన్‌లైన్ ఒప్పందాలు లాంటి వాటి మీద షరియత్ ఏమంటుందో అదే చదువుతానంటోంది. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: దొరుకుతుంది. కానీ ఫిఖ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్రం) ఒక్కటే చదివితే కష్టం. ముందు ఎల్ఎల్‌బీ చేయించండి.

1937 నాటి షరియత్ చట్టం పెళ్లి, విడాకులు, వారసత్వం, వక్ఫ్ లాంటి వాటికే వర్తిస్తుంది. మీ దుకాణంలో ఫోన్‌పేతో జరిగే అమ్మకానికి 1872 కాంట్రాక్ట్ చట్టం, 1930 సరుకుల అమ్మకాల చట్టమే ఆధారం. ఆన్‌లైన్‌లో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 10ఏ సెక్షన్ అంటోంది. ముఫ్తీలు చెప్పే మతపరమైన అభిప్రాయానికి, అంటే ఫత్వాకు, చట్టపరమైన బలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది. అందుకే లా డిగ్రీ తప్పనిసరి అంటున్నాను.

అలాగని ఆమె ఎంచుకున్న విషయం చిన్నదేమీ కాదు. ఫోన్, ఫ్యాక్స్, కంప్యూటర్ ద్వారా కుదిరే ఒప్పందాలు చెల్లుతాయని జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990లోనే తీర్మానించింది. మూడింటిని మాత్రం మినహాయించింది. నికాహ్‌కు సాక్షులుండాలి. సలమ్‌లో, అంటే సరుకు తర్వాత ఇచ్చే ఒప్పందంలో, సొమ్ము ముందే ముట్టాలి. బంగారం, డబ్బు లాంటి వాటి మార్పిడిలో ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే అయిపోవాలి. ఖాతాలో డబ్బు జమ అయితే చేతికందినట్టేనని కూడా ఆ అకాడమీయే చెప్పింది. మరి యాప్‌లో వంద రూపాయలకు కొన్న బంగారం సంగతేమిటి? అది నిజంగా ఖజానాలో కొన్నవారి పేరున ఉందా, లేక స్క్రీన్ మీద అంకె మాత్రమేనా? కంపెనీ షరతులన్నీ చదివి ఈ సంగతి తేల్చాలంటే ఫిఖ్, చట్టం, అకౌంట్స్ మూడూ రావాలి. మీ అమ్మాయికి రెండింటిలో ఇప్పటికే పునాది పడింది. నాకు ఇది చాలా సంతోషం కలిగించిన విషయం.

మూడేళ్ల ఎల్ఎల్‌బీకి టీజీ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు. డిగ్రీలో 45 శాతం, బీసీలకైతే 42 శాతం మార్కులు చాలు. ముస్లింలలో కొన్ని వర్గాలకు ఉన్న బీసీ-ఈ కిందికి వస్తే సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. మన దేశంలో వడ్డీ లేకుండా షరియత్ ప్రకారం నడిచే ఇస్లామిక్ బ్యాంకులు లేవు. వాటిని తేవాలన్న ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించుకుంది. షరియత్‌కు సరిపోయే షేర్లను వడపోసే పని కొంత ఉంది, అదీ పరిమితమే. ఎక్కువ అవకాశాలు గల్ఫ్, మలేషియాల్లోనే. అటు వెళ్లాలనుకుంటే బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ నిర్వహించే షరియా అడ్వైజర్, ఆడిటర్ పరీక్ష పనికొస్తుంది. అరబీతో పాటు ఇంగ్లిష్ కూడా గట్టిగా రావాలి. వెళ్లకపోయినా నష్టం లేదు. ఆన్‌లైన్ మోసాల కేసులు మన జిల్లా కోర్టులకూ, వినియోగదారుల కేసులు జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వస్తున్నాయి.

ఈలోగా ఒక పని చేయండి. వాయిదాల మీద అమ్మే యాప్‌లో చేరమని ఎవరైనా మీ దుకాణానికి వస్తే, ఆ ఒప్పంద పత్రం మీ అమ్మాయికివ్వండి. ఆలస్య రుసుము వడ్డీ కిందికి వస్తుందా, సరుకు వెనక్కిస్తే నష్టం ఎవరిది అన్నది ఆమెనే రాసివ్వమనండి.