మోయలేకపోతున్నానంటే విశ్వాసం తక్కువైనట్టా?

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్లు దాటింది. ఆవిడ పనులన్నీ నేనే చూసుకుని ఉద్యోగానికి వెళ్తాను, వచ్చాక మళ్లీ వంట, పిల్లల చదువులు. రాత్రి ప్రార్థనకు మోకరిస్తే సగంలోనే నిద్రపోతున్నాను. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును’ అని యేసు ప్రభువు అన్న వచనం చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఆ విశ్రాంతి నాకెందుకు దొరకడం లేదు? సంఘంలో ఒక పెద్దావిడను అడిగితే ‘నీకు విశ్వాసం తక్కువమ్మా’ అన్నారు. ఉన్న టెన్షన్‌కి ఇదొకటి తోడైంది. (ఒక సోదరి)

జవాబు: అమ్మా, ముందు ఆ మాటను మనసులోంచి తీసేయండి. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, తాము మాత్రం వేలితో కూడా కదపని వాళ్ల గురించి యేసు ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడాడో మత్తయి 23వ అధ్యాయంలో ఉంది. ఆవిడ చెడ్డ మనసుతో అని ఉండరు, కానీ అలసిపోయిన మనిషికి ఇచ్చే జవాబు అది కాదు. ‘రేపు మధ్యాహ్నం నేనొచ్చి కూర్చుంటాను, నువ్వు పడుకో’ అని ఉంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికేది.

ఏలీయాను గుర్తు చేసుకోండి. అంత పెద్ద ప్రవక్త, ఒక చెట్టు కింద కూలబడి ‘ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో’ అన్నాడు (1 రాజులు 19). దేవుడు మందలించలేదు, విశ్వాసం గురించి పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు, దూత మళ్లీ లేపి తినమన్నాడు, ‘నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది’ అని. చూశారా, శక్తికి మించినదని పరలోకమే ఒప్పుకుంది! మీరు ఒప్పుకోవడానికి ఎందుకు సిగ్గు? ప్రార్థనలో కునుకు పడితే పట్టనివ్వండి, తండ్రి దగ్గర నిద్రపోయిన బిడ్డను ఎవరూ తప్పుపట్టరు.

ఇక మీ వచనం సంగతి. అది మత్తయి 11వ అధ్యాయంలో ఉంది. మనం 28వ వచనం దగ్గరే ఆగిపోతాం, తర్వాతి మాట ‘మీ మీద నా కాడి ఎత్తికొని’. విశ్రాంతి అంటూ కాడి ఎత్తుకోమనడమేమిటని నాకూ చాలాకాలం అర్థం కాలేదు. కాడి అంటే మనకు జోడెద్దులు గుర్తొస్తాయి, ఒక్క ఎద్దుకు కట్టే పని కాదది. బరువు ఉంటుంది, కానీ పక్కన ఇంకో మెడ ఉంటుంది. ఇంకో విషయం, ‘నా కాడి సుళువు’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట క్రేస్తోస్. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:32లో ‘ఒకని యెడల ఒకడు దయగలిగి’ అన్నచోట కూడా అదే మాట. అంటే దయగల కాడి అన్నమాట. ఆ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను, ఎందుకంటే మా అమ్మ మంచంలో ఉన్న రోజుల్లో పక్కింటావిడ వారానికి రెండుసార్లు వచ్చి, ఏమీ మాట్లాడకుండా అమ్మ బట్టలు ఉతికి ఆరేసి వెళ్లేవారు, దేవుడు నా ప్రార్థన వినలేదని నేను అనుకుంటున్నది సరిగ్గా అప్పుడే.

అందుకే చెప్తున్నాను, నోరు తెరిచి అడగండి. మీవారిని, ఆడపడుచును, మరుదులను కూర్చోబెట్టి ఏ రోజు ఎవరు చూసుకోవాలో కాగితం మీద రాయండి. ‘సాయం చేయండి’ అంటే అందరూ తలూపుతారు, ‘ఆదివారం ఉదయం నువ్వు స్నానం చేయించు’ అంటే పని జరుగుతుంది. రెఫీదీము దగ్గర యుద్ధం జరుగుతుండగా పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే ఆయనను రాయి మీద కూర్చోబెట్టి అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పట్టుకున్నారు. పాస్టర్ గారికి కూడా చెప్పండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఒంటరిగా మాత్రం ఉండకండి. అది అవిశ్వాసం కాదు.

ప్రశ్న: నా స్నేహితుడి భార్య చనిపోయింది. వాళ్లింటికి వెళ్తే ఏ వాక్యం చెప్పాలో తెలియక వెళ్లడమే మానేశాను. (ఒక సోదరుడు)

జవాబు: తమ్ముడూ, ఈరోజే వెళ్లు. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే, నోరు తెరిచాకే దేవుని కోపానికి గురయ్యారు. నువ్వూ ఊరికే కూర్చో. ‘ఇన్ని రోజులు రాలేకపోయానురా, క్షమించు’ అను, చాలు. పిల్లలుంటే వాళ్లను బడిలో దింపడం ఒక వారం నీ పని చేసుకో. ఇంకో నెల పోయాక, వచ్చేవాళ్లంతా రావడం మానేశాక, అప్పుడు కూడా వెళ్లు.